మంచి ముక్కలు పడినప్పుడు



పేకాటను గుఱించి రేడియోలో ప్రసంగమా యని గ్రామపెద్దలలో కొందఱు ముక్కుమీద వ్రేలు వేసికొనవచ్చును. ఆటను నేర్పుటకు గాని, పొగడుటకు గాని నేనిందులకు పూనుకొనలేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో పేకముక్క యెఱుగని యూరు అరుదు. శివరాత్రి జాగరణమునకు కొందఱు ముక్కలు పట్టుదురు. సంక్రాంతి సెలవులకు కొందఱు పట్టుదురు. కోతలై వడ్లు మిల్లుకు చేరి చేతిలో నాలుగు రూకలాడునప్పుడు మఱికొందఱు పట్టుదురు. ఆట ముదిరి, పొలము తాకట్టుపడి, తగవు రచ్చబండకు వచ్చినప్పుడు మాత్రము తీర్పు చెప్పవలసినవారు పెద్దలే. అట్టి తగవులలో ఓడినవాడు చెప్పుకొను మాట తఱచుగా ఒక్కటే: "నాకు మంచి ముక్కలు పడినవి, అందుచేత పందెము పెంచితిని."

ఈ "అందుచేత" అను మాటలో నిజమెంత? మంచి ముక్కలు పడుట ఒకటి. పందెము పెంచుట మఱియొకటి. మొదటిది దైవికము, రెండవది మనుష్యుని నిర్ణయము. ఈ రెంటికిని నడుమ నున్న దూరమును లోకము ఎట్లు కనుగొన్నదో చెప్పుటయే నా ప్రసంగ విషయము.

మన దేశమున జూదము మిక్కిలి పాతది. ఋగ్వేదము పదవ మండలములో జూదరి దుఃఖమును దెలుపు సూక్తమొకటి కలదు. మనుధర్మశాస్త్రము జూదమును రెండు విధములుగా విభజించినది. ప్రాణములేని పాచికల వంటి వానితో నాడునది ద్యూతము. కోళ్లు, పొట్టేళ్లు మొదలగు ప్రాణులపై పందెము కాయునది సమాహ్వయము. కౌటిల్యుడు తన అర్థశాస్త్రములో ద్యూతాధ్యక్షుడను ఉద్యోగిని చెప్పి, ఆటలన్నియు ఒక్కచోటనే జరుగవలెననియు, గెలిచిన ధనములో నూటికి 5 వంతులు రాజునకు చేరవలెననియు విధించెను. రహస్యవృత్తులతో బ్రతుకువారు అచ్చట బయటపడుదురనుట ఆయన చెప్పిన కారణము. ఈ నూటికి 5 అను లెక్కను జ్ఞాపకముంచుకొనుడు. దీనితో మఱల పని యున్నది.

పాచికలయందు ఒక విశేషము కలదు. పందెము ముందు ఒడ్డవలెను, పాచిక పిమ్మట పడును. పడిన పాచికను ఇరువురును చూతురు. కావున బలము తెలిసిన పిమ్మట పందెమును పెంచుట యను ప్రశ్న అందులో పుట్టదు. ధర్మరాజు చేసినది ఓడిన కొలది పెంచుటయే గాని, బలముచూచి పెంచుట గాదు. ధనము పోయినది, రాజ్యము పోయినది, తమ్ములు పోయిరి, తాను పోయెను. ఆ మీదట ద్రౌపదిని ఒడ్డెను. నలుని కథ దీనికి మాఱు. పుష్కరునిచేత ఓడి అడవులపాలైన నలుడు, అయోధ్యాధిపతి యగు ఋతుపర్ణునివలన అక్షహృదయమను విద్యను పడసెను. ఋతుపర్ణుడు చెట్టునకు గల ఆకులను, కాయలను ఒక్కొక్కటిగా లెక్కింపకయే మొత్తమును చెప్పగలిగినవాడు. లెక్క తెలిసిన పిమ్మట నలుడు మఱల ఆడెను, ఒక్కటే పణము పెట్టెను, గెలిచెను, ఆట మానెను, పుష్కరుని క్షమించెను. బలము గలవాడు ఎంత ఒడ్డవలెనో, ఎప్పుడు లేవవలెనో ఈ కథ తెలుపుచున్నది.

సమాహ్వయమునకు ఉదాహరణము వెదకుటకు మనము దూరము పోనక్కఱలేదు. మిర్యాలగూడకు దక్షిణమున, మూసీ కృష్ణలో కలియు వాడపల్లి యొద్ద నిలిచి ఆవలి యొడ్డు చూచినచో కనబడునది పల్నాటిసీమ. 12వ శతాబ్దపు కడపటి భాగమున గురజాల, మాచర్ల రాజ్యముల నడుమ కోడిపందెము జరిగినదనియు, నాయకురాలు నాగమ్మ ఒక ప్రక్క, బ్రహ్మనాయుడు వేఱొక ప్రక్క నిలిచిరనియు, ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడువవలెనను పందెమున మాచర్లవారు ఓడిరనియు వీరగాథలు చెప్పుచున్నవి. గడువు తీఱిన పిమ్మట రాయబారమునకు వచ్చిన అలరాజు హతుడయ్యెను. కడకు కార్యమపూడి రణరంగమున ఉభయపక్షముల వీరులును నేలకొఱిగిరి. కోడి బలమైనదా, బలహీనమైనదా యనునది ఇచ్చట ముఖ్యము కాదు. ఒక్క కోడి కాలిపై రాజ్యమును నిలుపుట తగునా యనునదే ముఖ్యము.

ఇక పేకముక్కల సంగతి. 1527లో బాబరు సింధుదేశపు ప్రభువైన షా హసనుకు గంజీఫా ముక్కలను పంపినట్లు తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. అక్బరు కొలువులోని ఆటముక్కలను అబుల్ ఫజల్ వర్ణించెను. మన తెలంగాణములో నిర్మల చిత్రకారులు గుండ్రని గంజీఫా ముక్కలకు రంగులు వేసిరి. పది అవతారముల పేర పది జాతులు, జాతికి 12 ముక్కలు, మొత్తము 120 గల దశావతారపు గంజీఫా మన దేశములో పుట్టినదే. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు అను నాలుగు జాతులతో 52 ముక్కలు గల నేటి పేక ఐరోపావారివలన వచ్చినది.

పాచికకును పేకకును గల భేదమేమి? పాచిక అందఱికిని కనబడును. ముక్క పట్టినవానికి మాత్రమే కనబడును. నా బలము నాకు తెలియును, నీకు తెలియదు. నీ బలము నీకు తెలియును, నాకు తెలియదు. ఇట్లు ఒకరి బలమొకరికి మఱుగైనప్పుడు, పందెముగా వేయు ప్రతి రూపాయియు ఒక మాటగా మాఱుచున్నది. పెంచినవాడు "నాకు బలమున్నది" అని చాటుచున్నాడు. సరిపెట్టినవాడు నోరు విప్పక కూర్చుండుచున్నాడు. అందుచేత మంచి ముక్కలు గలవానికి ఒక చిక్కు వచ్చినది. చాటినచో ఎదుటివారు లేచిపోవుదురు; చాటనిచో ధనము పెరుగదు.

ఆంగ్లదేశములో "బ్రాగ్" అను మూడుముక్కలాట ఈ చిక్కుపైననే నడచినది. హొయిల్ అను ఆటల గ్రంథకర్త 1751లో దానిపై ఒక పుస్తకమును ప్రకటించెను. మనవారి మూడుముక్కలాట దానికి దగ్గఱి చుట్టము. అమెరికాలో మిసిసిపీ నదీతీరమున, న్యూ ఆర్లియన్సు పట్టణ ప్రాంతమున, 1820, 1830 సంవత్సరముల నాటికి "పోకరు" అను అయిదుముక్కలాట బయలుదేఱినది. మొదట 20 ముక్కలతోనే యాడి, పిమ్మట 52 ముక్కలకు వచ్చిరి. 19వ శతాబ్దపు నడుమ, పడిన ముక్కలలో కొన్నింటిని పాఱవేసి క్రొత్తవి తీసికొను పద్ధతి ఏర్పడెను. ఈ మార్పు చిన్నదిగా కనబడును గాని, మన ప్రశ్నకు సమాధానమునే మార్చివేసినది. ఎట్లో చెప్పెదను.

ముందు మూడుముక్కలాట లెక్క చూతము. 52 ముక్కలనుండి మూడు ముక్కల కూర్పులు 22,100 కలవు. అందు మూడును ఒకే అంకె గలవి 52. ఒకే జాతిలో వరుసగా వచ్చునవి 48. జాతి కలియక వరుస మాత్రమే గలవి 720. వరుస లేక జాతి మాత్రమే కలిసినవి 1,096. జంట గలవి 3,744. ఏమియు లేనివి 16,440. అనగా నాలుగు పర్యాయములు ముక్కలు పట్టినచో మూడు పర్యాయములు ఇంచుమించుగా ఏమియు ఉండదు. మూడు ఒకే అంకెవి 425 పర్యాయములలో ఒక్కసారి పడును.

ఈ యాటలో ముక్కలు చూచిన పిమ్మట పందెము సరిపెట్టవచ్చును, పెంచవచ్చును, లేదా ముక్కలు క్రింద పడవేయవచ్చును. అన్నిటికంటె ముఖ్యమైన సంగతి యేమనగా, పడిన ముక్కలు మాఱవు. మూడు ఆసులు పట్టినవానిని ఎవడును గెలువలేడు. అతడు మొదటనే పెద్దగా పెంచినచో ఏమియు లేనివారు లేచిపోవుదురు. క్రిందనున్న నాలుగు రూకలే అతనికి దక్కును. సరిపెట్టుచు పోయినచో వారే యొక్కొక్క చుట్టునకు ఒక్కొక్క పందెము వేయుదురు. ఎదుటివాడును గట్టి ముక్కలు పట్టి తానై పెంచుచున్నప్పుడు మాత్రము ఇతడును పెంచవలెను. ఏలయన వాడు లేచిపోవువాడు కాడు.

మూడు ఆసుల మాట అరుదు. ఇండ్లు కూల్చునది ఆసుల జంట. జంటను మించిన కూర్పులు పైలెక్కలో 1,916; అనగా నూటికి సుమారు 9. ఎదుట ఒక్కడే యున్నచో ఆసుల జంట నూటికి 91 పర్యాయములు గెలుచును. నలుగురున్నచో ఆ నలుగురిలో ఎవనికిని మించిన కూర్పు లేకుండుట నూటికి 70 పర్యాయములే. ఆర్గురున్నచో సుమారు 58. ముక్కలు అవియే, ఆటగాండ్రు పెరిగిన కొలది బలము తగ్గినది.

"అట్లయినచో పెంచి, ఆర్గురిని ఇద్దఱికి దింపవచ్చును గదా?" యని బుద్ధిమంతుడు అడుగును. ఇచ్చటనే మోసపోవుదురు. పెంచినప్పుడు లేచిపోవువారెవ్వరు? ఏమియు లేనివారు. వారు కూర్చున్నను ఇతనిని గెలువలేరు. నిలుచువారెవ్వరు? వరుస పట్టినవాడు, జాతి కలిసినవాడు. ముక్కలు మాఱని యాటలో జంటతో హద్దుమీఱి పెంచుట యనగా, తనకు ధనమిచ్చువారిని వెడలగొట్టి, తన ధనము లాగుకొనువానిని కూర్చుండబెట్టుకొనుట. తనకంటె తక్కువ ముక్కలు గలవాడు ఇంకను వేయుటకు సిద్ధముగ నున్నంతవఱకే పెంచుట లాభము. ఆ హద్దు దాటినచో సరిపెట్టి ముక్కలు చూపుమనుటయే మేలు.

అమెరికా పోకరులో దీనికి తలక్రిందుగా నుండును. నేడు విస్తారముగ నాడబడు టెక్సాసు పద్ధతిలో ప్రతివానికి రెండు ముక్కలు మఱుగుగా నిచ్చి, పిమ్మట అయిదు ముక్కలను అందఱికిని ఉమ్మడిగా బల్లపై తెఱతురు. మొదటి రెండు ముక్కల కూర్పులు 1,326. అందు ఆసుల జంట 6 విధములుగా, అనగా 221 పర్యాయములలో ఒక్కసారి పడును. దానిని మించినది మొదట లేదు. ఎదుట ఏదో కూర్పుతో ఒక్కడున్నచో అది నూటికి 85 పర్యాయములు గెలుచును. అట్టివారు తొమ్మండుగురు తుదివఱకు నిలిచినచో 31 మాత్రమే. ఏలయన, ఇంకను అయిదు ముక్కలు రావలసియున్నవి. నేడు బీదవాడు రేపు ధనికుడు కావచ్చును. కావున ఆ యాటలో మంచి ముక్కలు గలవాడు మొదటనే పెంచి, నిలువదలచినవానిచేత మూల్యమిప్పించుట సాధారణ న్యాయము. లేచిపోయినవాడు ఇచ్చట నిజముగ ఒక శత్రువు తగ్గినట్లే.

ఇట్లు ఒకే ప్రశ్నకు రెండు ఆటలలో రెండు సమాధానములు. అది బలము మాఱునా మాఱదా యనుదానిపై నున్నది. ఈ విధమైన వివేచనకు బీజము 1654లో పడినది. పరాసు దేశపు పండితులు పాస్కలు, ఫెర్మాయను నిరువురు, ఆట నడుమ నిలిచిపోయినచో పందెపు సొమ్మును ఎట్లు పంచవలెనని ఉత్తరములు వ్రాసికొనిరి. ఇది రచ్చబండ తగవు వంటిదే. ఇరువురు చెఱి 32 నాణెములు ఒడ్డిరి. ముందు మూడు ఆటలు గెలిచినవానికి మొత్తము. ఒకడు 2 గెలిచెను, రెండవవాడు 1 గెలిచెను, ఆట ఆగినది. పాస్కలు తీర్పు: మొదటివానికి 48, రెండవవానికి 16. తరువాతి యాట మొదటివాడు గెలిచినచో 64 తనవి. ఓడినచో ఇరువురును సమానులై 32 తనవి. కావున 32 నిశ్చయము. మిగిలిన 32లో సగము అతనివి. జరిగినదానిని బట్టి గాక, జరుగబోవు విధములన్నిటిని తూచి పాలు నిర్ణయించుట యను న్యాయము లోకమునకిట్లు దొరకినది. నేటి భీమా లెక్కలకును ఈ న్యాయమే పునాది.

హంగెరీ దేశమున 1903లో పుట్టిన జాన్ వాన్ నాయ్‌మన్ అను గణితవేత్త 1928లో ఆటల సిద్ధాంతమును వ్రాసి, 1944లో మార్గెన్‌స్టర్న్ అను ఆర్థికశాస్త్రజ్ఞునితో కూడి దానిని పెద్ద గ్రంథముగ వెలువరించెను. అందు పోకరును చిన్న నమూనాగా తీసికొని ఆయన నిరూపించిన సంగతి వింతగ నుండును. మంచి ముక్కలు గలవాడు పెంచవలెను. మధ్యరకపు ముక్కలు గలవాడు ఊరకుండవలెను. మిక్కిలి చెడ్డ ముక్కలు గలవాడు సైత మప్పుడప్పుడు పెంచవలెను. ఏలయన, మంచి ముక్కలు గలప్పుడే పెంచువానిని అందఱు కనిపెట్టుదురు. వాడు పెంచగానే లేచిపోవుదురు. వట్టిచేతులతో పెంచుట కలదను అనుమానము ఎదుటివారికున్నప్పుడే గట్టి ముక్కలకు ధనము వచ్చును. ఇది రాజనీతిలోను, బేరసారములలోను మనవారెఱుగనిది కాదు; ఆయన దానిని లెక్కలో నిలిపెను.

ఇంత నేర్పు అవసరమైనప్పుడు ఈ యాట అదృష్టమా, నైపుణ్యమా? ఈ ప్రశ్న మన రాష్ట్రమునుండియే దేశపు సర్వోన్నత న్యాయస్థానమునకు పోయినది. సికింద్రాబాదులోని యొక క్లబ్బులో రమ్మీ ఆడుచుండగా పోలీసులు పట్టుకొన్న వ్యాజ్యములో, 1967 నవంబరులో జస్టిస్ హిదాయతుల్లా తీర్పు వ్రాసిరి. పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనుటయు, ఉంచవలసినవానిని ఉంచి విడువవలసినవానిని విడుచుటయు అవసరము గావున రమ్మీ ప్రధానముగ నైపుణ్యపు ఆట యనియు, ఫ్లష్, బ్రాగ్ మొదలగు పేర్లతో నాడు మూడుముక్కలాట కేవలము అదృష్టముపై నడచునదనియు ఆ తీర్పు సారము. ఆటవలన ఇంటివాడు లాభము తీసికొన్నచో నేరము కావచ్చునని కూడ అందు చెప్పిరి.

నేను పైని మూడుముక్కలాటలో సైతము సరిపెట్టుటకును పెంచుటకును వివేకము కావలెనని చెప్పితిని. న్యాయస్థానము మాటకును నా మాటకును విరోధమున్నదా? నాకు తోచినంతవఱకు లేదు. నేర్పు పందెములో నున్నది, ముక్కలలో లేదు. ఎంత నేర్పరి పట్టుకొన్నను పడిన మూడు ముక్కలు మాఱవు. రమ్మీలో నేర్పు ముక్కలనే బాగుచేయును. మూడుముక్కలాటలో నేర్పు నష్టమును తగ్గించును, లాభమును కొంత పెంచును, అంతియే.

తరువాత 1974లో ఆంధ్రప్రదేశ్ జూద నిషేధ చట్టము వచ్చినది. నైపుణ్యపు ఆటలకు అందు మినహాయింపు ఉండెను. 2014లో రాష్ట్రము విడిపోయిన పిమ్మట, తెలంగాణ ప్రభుత్వము 2017లో దానిని సవరించి, డబ్బు ఒడ్డి అంతర్జాలములో నాడు రమ్మీ మొదలగు ఆటలకు సైతము నిషేధమును విస్తరింపజేసెను. ఆంధ్రప్రదేశమును 2020లో అట్లే చేసెను. కావున కోదాడ దాటి జగ్గయ్యపేట పోయినను న్యాయము మాఱలేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు అంతర్జాలపు డబ్బాటలను దేశమంతటను నిషేధించుచు చట్టము చేసినది.

చట్టమునకు మించి గృహస్థు చూచుకొనవలసిన లెక్క యొకటి కలదు. కౌటిల్యుని నూటికి 5 వంతుల మాట జ్ఞాపకమున్నది గదా. నేడు రాజునకు బదులు బల్ల నడుపువాడు పాలు తీసికొనును. సమానమైన నేర్పు గలవారు 100 రూపాయలతో కూర్చుండి, సొమ్మంతయు ఒక్కసారి చేతులు మాఱిన ప్రతిమాఱు నూటికి 5 వంతులు బల్లవాడు తీసినచో, 14 మాఱులు తిరుగుసరికి ఆడువారందఱి చేతులలో కలిపి మిగులునది సుమారు 49 రూపాయలు. ఎవడు గెలిచెనని వారిలో వారు వాదించుకొనుచుండగా సగము సొమ్ము గడప దాటిపోయినది. మంచి ముక్కలు ఎవనికి పడినను ఈ నష్టము తప్పదు.

మఱియొక లెక్క. నూటికి 91 పర్యాయములు గెలుచు ముక్కలు నూటికి 9 పర్యాయములు ఓడును. పది రూపాయలు ఒడ్డినవాడు ఆ 9 పర్యాయములను ఓర్చుకొని నూఱవ ఆట ఆడగలడు. సాగర్ ఎడమ కాలువ క్రింది పొలమును ఒడ్డినవానికి ఒక్కసారి చాలును. వానికి రెండవ ఆట లేదు. లెక్క ఎంత సరియైనదైనను, మఱల ఆడగలిగినవానికే అది ఉపకరించును. ధర్మరాజునకు తెలియనిదియు, నలునికి తెలిసినదియు ఇదియే.

కావున పెద్దలారా, "మంచి ముక్కలు పడినవి, అందుచేత పెంచితిని" అని ఎవడైన మీ యెదుట నిలిచి చెప్పినప్పుడు, ఊరక కోపింపక మూడు ప్రశ్నలడుగుడు. నీ యెదుట ఎందఱుండిరి? నీవు పెంచినప్పుడు లేచినవారెవ్వరు, నిలిచినవారెవ్వరు? ఒడ్డిన సొమ్ము పోయినచో రేపు నీ యింట పొయ్యి వెలుగునా? మొదటి రెండు ప్రశ్నలకు తడుముకొనువాడు ఆట తెలియనివాడు. మూడవదానికి తడుముకొనువానికి ఆట తెలిసినను ప్రయోజనము లేదు. వానికి హితము చెప్పవలసిన సమయము ముక్కలు పంచక మునుపే గాని, తాకట్టు కాగితము వ్రాసిన పిమ్మట గాదు.